మహారాష్ట్ర ఎర్ర వైన్లు, మన వంటలతో వాటి పొత్తు

గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వైపు వెళ్లినవారికి "వైన్స్" అనే బోర్డులు కనిపించును. ఆ అంగళ్లలో అధికంగా అమ్ముడుపోయేది బ్రాందీ, విస్కీ, బీరే గాని వైన్ కాదు. వైన్ అనగా పులిసిన ద్రాక్షరసం. బట్టీ పెట్టి దింపిన సారా కాదు. ఈ పేరుల గందరగోళం వలన మన పల్లెల్లో వైన్ గురించి అపోహలు మెండు.

మహారాష్ట్రలో వైన్‌కు నెలవు నాసిక్ ప్రాంతం. 2001లో రాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానాన్ని ప్రకటించిన పిమ్మట అక్కడ వైనరీలు పెరిగాయి. వాటిలో పేరొందిన సులా వైన్‌యార్డ్స్ తన తొలి వైన్లను 2000లో విపణికి తెచ్చింది. దాని ఎర్ర వైన్లలో దిండోరి రిజర్వ్ షిరాజ్, రాసా షిరాజ్ ప్రసిద్ధములు. షిరాజ్ అనునది నల్ల ద్రాక్షలో ఒక రకం. ఐరోపాలో ద్రాక్షకోత వేసవి చివర, శరత్తులో సాగగా, నాసిక్‌లో జనవరి నుండి మార్చి వరకు జరుగును.

నల్ల ద్రాక్ష రసం సైతం దాదాపు తెల్లగానే ఉండును. తొక్కలతో కలిపి పులియబెట్టినప్పుడే ఎరుపు, వగరు దిగును. ఆ వగరునిచ్చే పదార్థం టానిన్. టీ ఆకు మరీ మరిగినప్పుడు నాలుక ఎండినట్లు తోచేది దానివల్లనే. మద్యాంశం సుమారు 12 నుండి 14 శాతం, అంటే మామూలు బీరుకు రెట్టింపుకు పైమాటే. కనుక బీరు తాగినట్లు గ్లాసు నింపి తాగదగినది కాదు.

భోజనంతో పొత్తు ఈ వగరును బట్టియే. మాంసంలోని కొవ్వు, మాంసకృత్తులు వగరును మెత్తబరచును. అందుచేత మేకమాంసం, నిప్పులపై కాల్చిన నాటుకోడి షిరాజ్‌కు తగినవి. జొన్నరొట్టె అడ్డుపడదు. అయితే మన కూరల్లో కారం అసలు చిక్కు. మిరప మంటను మద్యం పెంచును, వగరు తోడైతే నోరు మరింత మండును. ఏరిన మిరపకాయలు కూలికి వచ్చిన ఇంట కూర ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు! కారం తగ్గించాలి, లేదా వగరు తక్కువైన వైన్ ఎంచుకోవాలి. ప్రాణహిత చేపల పులుసుతో ఎర్ర వైన్ అసలు పొసగదు. వైన్‌లోని ఇనుము చేప నూనెతో కలిసి లోహపు రుచినిచ్చును. పులుసుకు మజ్జిగే మేలని మా అభిప్రాయం.

ఎర్ర వైన్‌ను 16–18 డిగ్రీల చల్లదనంలో వడ్డించాలి. మన ఎండాకాలపు గదిలో ఉంచిన సీసా చెడును. మూత తీసిన తరువాత ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుచును, పిదప పుల్లబారును.

ఇక సీసా తేవడం మాట. గడ్చిరోలి జిల్లాలో మద్యనిషేధం 1993 నుండి అమలులో ఉంది. పొరుగు చంద్రపూర్‌లో 2015లో విధించి 2021లో ఎత్తివేశారు. అవతలి ఒడ్డున ఆంధ్రప్రదేశ్ 1995లో విధించి 1997లో సడలించింది. 2022లో సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మకానికి మంత్రివర్గం అంగీకరించినప్పుడు కూడా నిషేధ జిల్లాలను మినహాయించింది. వైన్ సారా కాదు గదా అన్న వాదన తనిఖీలో చెల్లదు. అవతల కొనడం చట్టబద్ధమే; అనుమతి లేకుండా సిరొంచకు తేవడం, ఇంట ఉంచడం నేరం. హైదరాబాదు నుండి పండుగకు వచ్చే పిల్లలకు, బంధువులకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచవలెను.