ఫుట్‌బాల్ మైదానాల్లో నిలబడి చూసే గ్యాలరీలు

నిలబడి చూసే గ్యాలరీలు అనగా ఫుట్‌బాల్ మైదానంలో కుర్చీలు లేకుండా, ప్రేక్షకులు నిలుచుని ఆట చూచుటకు వీలుగా మెట్ల వరుసలతో కట్టిన భాగాలు. 20వ శతాబ్దంలో బ్రిటన్ మైదానాలలో ఎక్కువ మంది ప్రేక్షకులు ఇటువంటి గ్యాలరీలలోనే ఆట చూసేవారు. 1989లో జరిగిన హిల్స్‌బరో దుర్ఘటన తరువాత ఇంగ్లండులోని పెద్ద మైదానాలలో వీటిని తొలగించారు. వీటిని మరల అనుమతించవచ్చునా అన్న చర్చ మూడు దశాబ్దాలు సాగి, 2022లో ఒక కొలిక్కి వచ్చింది. భారతదేశంలోని మైదానాల భద్రతకు కూడా ఈ చర్చతో దగ్గర సంబంధం ఉన్నది.

నేపథ్యము

నిలుచునే గ్యాలరీలో టికెట్టు ధర తక్కువ. అందువలన కార్మికులు, విద్యార్థులు ఎక్కువగా అక్కడికే వచ్చేవారు. మెట్ల మధ్య అడ్డంగా ఇనుప కడ్డీలు ఉండేవి. వెనుకనుండి వచ్చే తోపిడి ముందున్నవారి మీద పడకుండా ఆపుట వీటి పని. 1946లో బోల్టన్ నగరంలోని బర్న్‌డెన్ పార్కులో 33 మంది, 1971 జనవరి 2న గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానపు మెట్లదారిలో 66 మంది తొక్కిసలాటలో మరణించారు. ఐబ్రాక్స్ దుర్ఘటన ఫలితంగా బ్రిటన్ లో 1975లో క్రీడామైదానాల భద్రతా చట్టం వచ్చింది.

హిల్స్‌బరో దుర్ఘటన

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్ జరిగింది. బయట రద్దీ పెరుగుటతో పోలీసులు ఒక నిష్క్రమణ ద్వారాన్ని తెరిచారు. లోపలికి వచ్చినవారు ఎదురుగా ఉన్న సొరంగ మార్గం గుండా, అప్పటికే నిండిపోయిన నడిమి గళ్ళలోకి వెళ్ళారు. ప్రక్కనున్న గళ్ళలో ఖాళీ ఉన్ననూ జనాన్ని అటు మళ్ళించలేదు. ముందువైపు ఎత్తైన ఇనుప కంచె ఉండుట వలన మైదానంలోకి తప్పించుకునే దారి లేకపోయింది. ఈ దుర్ఘటనలో మరణించినవారి సంఖ్య 97. వీరిలో చివరి వ్యక్తి నాటి గాయాల ఫలితంగా 2021లో మరణించారు.

లార్డ్ టేలర్ 1990 జనవరిలో తుది నివేదిక సమర్పించారు. నిలబడి చూచుట తనంతట తానే ప్రమాదకరమని ఆయన చెప్పలేదు. పోలీసుల నియంత్రణ విఫలమగుటయే దుర్ఘటనకు ముఖ్యకారణమని తన మధ్యంతర నివేదికలోనే తేల్చారు. అయితే కుర్చీల వలన జనాన్ని అదుపు చేయుట సులభమని భావించి, పెద్ద మైదానాలన్నీ పూర్తిగా కుర్చీలతో ఉండాలని సిఫారసు చేశారు. 1994 నాటికి ఇంగ్లండులోని మొదటి రెండు శ్రేణుల జట్లకు ఇది నిబంధనగా మారింది. చాలాకాలం అభిమానుల మీద మోపబడిన నింద తప్పని 2016లో విచారణ జ్యూరీ స్పష్టం చేసింది. మృతులు చట్టవిరుద్ధంగా చంపబడినారని తీర్పు చెప్పింది.

వాదోపవాదాలు

అనుకూల వాదన: కుర్చీలు ఉన్ననూ అభిమానులు వేలాదిగా నిలబడే చూస్తున్నారు. మోకాలి ఎత్తున్న కుర్చీ ముందు నిలుచునేవారు ముందుకు తూలి పడే ప్రమాదం ఎక్కువ. నడుము ఎత్తున కడ్డీ ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. పైగా కుర్చీల తరువాత టికెట్టు ధరలు పెరిగి, పేద అభిమానులు మైదానానికి దూరమయ్యారు.

ప్రతికూల వాదన: హిల్స్‌బరో మృతుల కుటుంబాలలో పలువురు ఈ ప్రతిపాదనను వ్యతిరేకించారు. ఒకసారి అనుమతిస్తే పరిమితులు క్రమంగా సడలిపోవునని వారి భయం. నిలబడినవారి వెనుక పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు ఆట కనిపించదన్నది మరొక అభ్యంతరం.

జర్మనీ పద్ధతి

జర్మనీలో నిలుచునే గ్యాలరీలు కొనసాగాయి. డార్ట్‌మండ్ మైదానపు దక్షిణ గ్యాలరీలో సుమారు 25 వేల మంది నిలబడి చూడవచ్చును. ఆ దేశంలో వాడుకలోనున్న కడ్డీ కుర్చీల పద్ధతిలో ప్రతి వరుసకు దృఢమైన ఇనుప కడ్డీ, దానికి మడిచి తాళం వేయగల కుర్చీ ఉంటాయి. ఒక కుర్చీకి ఒక మనిషి అన్న లెక్క పాటిస్తే రద్దీ పెరగదు. స్కాట్లాండులోని సెల్టిక్ జట్టు 2016లో సుమారు 2,600 మందికి ఈ ఏర్పాటు చేసింది. ఇంగ్లండు, వేల్స్ లలో 2022 జనవరిలో చెల్సీ, మాంచెస్టర్ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్, టోటెన్‌హామ్, కార్డిఫ్ మైదానాలలో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఆ సంవత్సరం జులైలో, షరతులు పాటించే ఇతర జట్లకు కూడా అనుమతి లభించింది.

భారతదేశంలో

భారత మైదానాలలో కుర్చీలు లేని సిమెంటు మెట్ల గ్యాలరీలు ఎక్కువ. వీటిలో కూర్చొనుటకు నియమించిన చోటు ఉండదు కనుక లోపలికి వచ్చినవారి సంఖ్యను అదుపు చేయుట కష్టము. 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్ లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల ఆటలో ఘర్షణ, తొక్కిసలాట జరిగి 16 మంది మరణించారు. లక్షా ఇరవై వేల మంది పట్టునని పేరొందిన సాల్ట్ లేక్ స్టేడియంలో, 2017 అండర్-17 ప్రపంచకప్ కొరకు కుర్చీలు అమర్చగా సామర్థ్యం బాగా తగ్గినది.

హైదరాబాదు

హైదరాబాదు ఫుట్‌బాల్ కు గొప్ప చరిత్ర ఉన్నది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. నగరంలో ఫుట్‌బాల్ కు పేరొందిన ఫతే మైదాన్ కు 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఇది బషీర్‌బాగ్ ప్రాంతంలో ఉన్నది. పేరు ఒకటే అయినను తూర్పు హైదరాబాదులోని ఎల్‌బీ నగర్ కు, ఈ ఎల్‌బీ స్టేడియానికి సంబంధం లేదు. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. నగరానికి పడమరనున్న గచ్చిబౌలి మైదానంలో ఆడేది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన ఈ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ వాసులకు దగ్గరలోని పెద్ద మైదానం ఉప్పల్ లోని క్రికెట్ స్టేడియం. ఇందులో కుర్చీలు ఉన్నవి. అయిననూ 2022 సెప్టెంబరు 22న ఇక్కడి ఆటకు సికింద్రాబాద్ జింఖానా మైదానంలో టికెట్లు అమ్మినప్పుడు తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం ద్వారాల వద్ద 11 మంది మరణించారు. ఈ రెండు ఘటనలూ గ్యాలరీలో కాక బయటనే జరిగినవి. హిల్స్‌బరోలో కూడా ప్రమాదం ద్వారం వద్ద రద్దీతోనే మొదలైనది. కావున కుర్చీలా, కడ్డీలా అన్న ప్రశ్నతో బాటు ఎంతమందిని రానివ్వాలి, ఏ దారిన పంపాలి, ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయాలు కూడా ప్రేక్షకుల భద్రతకు ముఖ్యము.

ఇవి కూడా చూడండి

హిల్స్‌బరో దుర్ఘటన
సయ్యద్ అబ్దుల్ రహీం
లాల్ బహదూర్ శాస్త్రి స్టేడియం
తొక్కిసలాట