వి.వి. గిరి

వరాహగిరి వెంకట గిరి (1894 ఆగస్టు 10 – 1980 జూన్ 24) కార్మిక నాయకుడు, భారత నాలుగో రాష్ట్రపతి. అంతకుముందు 1969లో కొద్ది వారాలు తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్నారు.

గంజాం జిల్లా బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లి, అక్కడి స్వాతంత్ర్యోద్యమకారులతో చెలిమి చేసి, 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చింది.

ఆయన్ను నాయకుణ్ణి చేసింది బెంగాల్ నాగపూర్ రైల్వే. ఆ రైల్వే ఒకవైపు ఖరగ్‌పూర్, టాటానగర్ మీదుగా నాగపూర్‌కూ, మరోవైపు వాల్తేరుకూ సాగేది. జంషెడ్‌పూర్ ఉక్కు బయటికి వెళ్లేది ఆ లైను మీదే. 1920ల చివర ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో కార్మికుల తొలగింపుకు వ్యతిరేకంగా జరిగిన సమ్మెకు గిరి నాయకత్వం వహించారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకుల్లో ఆయన ఒకరు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజానే ఓడించి మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించడం నచ్చక 1954లో రాజీనామా చేశారు. తగాదాలను యాజమాన్యం, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన పట్టు.

1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఒక రాష్ట్రపతి అలా మరణించడం అదే మొదలు. ఆనాటి నుంచి జులై 20 దాకా గిరి తాత్కాలిక రాష్ట్రపతి. జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మర్నాడే ఎన్నికల్లో నిలబడేందుకు తప్పుకున్నారు. ఉపరాష్ట్రపతి తన రాజీనామాను రాష్ట్రపతికి ఇవ్వాలంటుంది రాజ్యాంగం. ఆ కుర్చీలో ఉన్నదీ తానే! రెండు పదవులూ ఖాళీ కావడంతో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా ఆగస్టు 24 వరకు బాధ్యతలు చూశారు. అందుకు వీలు కల్పించే చట్టాన్ని పార్లమెంటు మే నెలలోనే చేసిపెట్టుకుంది.

ప్రధాన పోటీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్యే. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. స్వతంత్రుడిగా నిలిచిన గిరికి ప్రధాని ఇందిరాగాంధీ అండ దొరికింది. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమని ఆమె పిలుపిచ్చారు. మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్ తెలుగు సంఘసేవకురాలు దుర్గాబాయి భర్త, అంటే ఆయనా తెలుగింటి అల్లుడే. మొదటి లెక్కింపులో ఎవరూ సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427 విలువైన ఓట్లు తేలాయి. కొద్ది నెలల్లోనే కాంగ్రెస్ రెండుగా చీలింది. ఎన్నికను సవాలు చేసిన కేసులో గిరి రాష్ట్రపతిగా ఉంటూనే సాక్ష్యం చెప్పారు.

రాష్ట్రపతిగా ఆయన ప్రభుత్వానికి ఎదురు చెప్పింది తక్కువ. ఆయన స్థాపకుల్లో ఒకరైన రైల్వే కార్మికుల సమాఖ్యే 1974 మేలో దేశవ్యాప్త రైల్వే సమ్మెకు దిగితే, ప్రభుత్వం వేలమందిని అరెస్టు చేసి దాన్ని అణచివేసింది. అప్పటికి రాష్ట్రపతి భవన్‌లో ఆయన పదవీకాలం మూడు నెలలే మిగిలింది. 1975లో భారతరత్న వచ్చింది. మద్రాసులో మరణించారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరే పెట్టారు.