క్రొత్త విశ్వాసులకు మూడు కట్టడలు

క్రొత్తగా ప్రభువునొద్దకు వచ్చినవారు మొదట అడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యగారూ, ఇకమీదట నేనేమి చేయవలెను?" ఈ ప్రశ్న మన తెలుగు సంఘములలో నేడు పుట్టినది కాదు. నూట యేబది యేండ్లకు పూర్వమే ఒంగోలు ప్రాంతపు పల్లెలలో వేలకొలది జనులు దీనిని అడిగిరి. వారికి దొరికిన జవాబు ఏమిటో, దానిని గైకొనుటకు వారు ఎట్టి శ్రమపడిరో తెలిసికొనుట మనకు మేలు.

1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండుటకు వచ్చిరి. అదే సంవత్సరమున యర్రగుంట్ల పేరయ్య అచ్చట జూయెట్ దొరగారిచేత బాప్తిస్మము పొందెను. ఈయన మాదిగవారిలో పుట్టి, తోళ్ల వ్యాపారము చేయుచు, దేవుని వెదకుచు యోగమార్గమును సహితము అభ్యసించిన మనుష్యుడు. బాప్తిస్మము పొందినవాడు ఒంగోలులోనే నిలిచిపోలేదు. తన ఊరైన తాళ్లకొండపాడుకు తిరిగి వెళ్లి, బంధువులకును చుట్టుప్రక్కల పల్లెలవారికిని తాను కనుగొనినది చెప్పెను. 1867 జనవరిలో క్లౌ దొరగారు అచ్చటికి వెళ్లినప్పుడు, జనులు తిండి మూటలు కట్టుకొని వచ్చి, కొన్ని దినములుండి వాక్యము వినిరి. వారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి.

వీరిలో చాలమందికి అక్షరము రాదు. పెద్ద పుస్తకమిచ్చి చదువుకొనుడని చెప్పిన ప్రయోజనమేమి? కనుక క్లౌ దొరగారు చిన్నపిల్లలు సహితము వ్రేళ్లమీద లెక్కించుకొనదగిన మూడు కట్టడలనిచ్చిరి. ఆదివారమున పని చేయవద్దు. చచ్చిన పశువు మాంసము తినవద్దు. విగ్రహములకు మ్రొక్కవద్దు. ఇంతే. వినుటకు ఇవి సుళువుగా తోచును. కాని ఆ కాలపు పల్లె బ్రదుకు తెలిసినవారికి వీటి బరువు తెలియును.

ఆదివారపు మాట చూడుడి. మాదిగవారు ఊరి రైతులకు చెప్పులు, మోట తొండములు కుట్టి యిచ్చి, పంట కళ్లములో గింజలు పొందెడివారు. పిలిచినప్పుడు వెట్టికి పోవలెను. అట్టివాడు ఏడు దినములలో ఒక దినము "నేను రాను" అనుట సామాన్యమైన మాటా? ఆ దినము తనకు మరియొక యజమానుడున్నాడని అతడు ఊరందరి యెదుట ఒప్పుకొన్నట్లే.

రెండవది తిండి మాట. ఊరిలో గొడ్డు చచ్చిన దానిని ఈడ్చివేయుట వారి పని. దాని మాంసము వారి వంతు. అది వారు కోరుకొన్న విందు కాదు. ఊరు వారికి కట్టిన కూలి. దానిని విడిచిపెట్టుట వలన దేహమునకు ఆరోగ్యము, మనుష్యునికి గౌరవము కలిగెను. అయినను కరవు దినములలో ఆ విడిచిపెట్టినదాని స్థానమున కుండలో మరేమియు ఉండెడిది కాదని మనము మరువరాదు.

మూడవది జాతర మాట. గ్రామదేవత కొలువులో డప్పు కొట్టుట వారి విధి. డప్పు మ్రోగనిదే జాతర నడవదు. "మేము కొట్టము" అనగానే ఊరు కోపించెను. కొన్ని చోట్ల బావి నీళ్లు మాన్పించిరి. కొన్ని చోట్ల పని ఇయ్యక, పంటలో వంతు పెట్టక బాధించిరి. దెబ్బలు తినినవారును గలరు.

మరి వారెట్లు నిలిచిరి? ఇదియే ఈ చరిత్రలో మనము నేర్చుకొనవలసిన పాఠము. కట్టడలు మూడే, కాని వాటిని ఎవడును ఒంటరిగా మోయలేదు. విశ్వాసులు తమ పల్లె విడువలేదు, తమ వృత్తి మానలేదు, బంధువులలోనే యుండిరి. పల్లెలవెంట బోధకులు తిరుగుచుండిరి. ఆ బోధకులు మూడు నెలల కొకసారి ఒంగోలులో కూడి, తమ పల్లెల క్షేమసమాచారము చెప్పి, క్రొత్త పాఠములు నేర్చుకొని మరల వెళ్లెడివారు.

1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వించు కంట్రాక్టు పుచ్చుకొని వేలమందికి పని చూపిరి. బోధకులే మేస్త్రీలై, విశ్రాంతి వేళలలో కూలివారికి ప్రభువునుగూర్చి చెప్పిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. కాని అన్నముకొరకు వచ్చిరను మాట రాకుండునట్లు దొరగారు ఏడాదికి పైగా ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. అటు తరువాత 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులే.

అపొస్తలుల కార్యముల పదునైదవ అధ్యాయము తీసి చూడుడి. అన్యజనులలోనుండి వచ్చిన క్రొత్త విశ్వాసులకు యెరూషలేములోని పెద్దలు పంపిన పత్రికయు చిన్నదే. మానవలసినవి నాలుగు మాత్రమే వ్రాసిరి. కాని ఆ పత్రికను ఊరక పంపలేదు. యూదాను, సీలను దానితో కూడ పంపిరి. వారు అంతియొకయలో కొంతకాలముండి సహోదరులను స్థిరపరచిరి. కట్టడ చిన్నదైనను, దాని వెంట మనుష్యుడు వెళ్లవలెను.

క్రొత్త సహోదరుడా, సహోదరీ, ఒక్క దినముననే సమస్తము నేర్చుకొనలేదని దిగులుపడకుము. ప్రభువు దినమును కాపాడుకొనుము. ఆ దినమున కూలికి పిలిచినయెడల, ముందు దినమే వెళ్లి మర్యాదగా చెప్పి రమ్ము. నిన్ను చిన్నబుచ్చు అలవాటు ఏదైనను, అది సారాయి కావచ్చును, మోసపు లాభము కావచ్చును, దానిని ఇంటికి రానియ్యకుము. హృదయమును ఇద్దరు యజమానులకు పంచియ్యకుము. పొరుగువాని పూజను దూషింపక, నీ మట్టుకు నీవు మెత్తని మాటతో "నేను రాను" అని చెప్పుము. కష్టము వచ్చిననాడు ఇంట దాగియుండక సంఘమునకు తెలుపుము.

సంఘ పెద్దలారా, మీకును ఒక మాట. బాప్తిస్మపు దినమున పాటలు పాడువారు పలువురు. ఆ తరువాత ఆదివారపు కూలి పోయి, ఆ యింట పొయ్యి వెలుగని సాయంకాలమున ఎవరు వెళ్లెదరు? కట్టడను చెప్పిన నోరే ఆ యింటి తలుపు తట్టవలెను. వెళ్లునప్పుడు చేతిలో కొంచెము బియ్యమును తీసికొని వెళ్లుడి.