లాబ్‌స్టర్ ఎందుకు ఎర్రబడుతుంది?

లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్యను పాస్తాతో కలిపి వండడము ఇటలీ ఇండ్లలో విందు భోజనమునకు తగిన వంటకము. ఐరోపా తీరములలో దొరికే ఈ జీవి ముదురు నీలముగా ఉంటుంది. మరిగే నీటిలో వేసిన కొద్ది నిమిషములకే పెంకు ఎర్రబడుతుంది. ఈ ఎరుపు ఎక్కడిది?

1938లో రిచర్డ్ కూన్, సోరెన్‌సెన్ అనే శాస్త్రజ్ఞులు లాబ్‌స్టర్ నుండి ఆస్టాక్సాంతిన్ అనే ఎర్రని వర్ణద్రవ్యమును వేరుచేశారు. ఇది క్యారట్‌లోని కెరోటిన్ జాతికి చెందినది; ఆహారము ద్వారా లాబ్‌స్టర్‌కు లభిస్తుంది. ఎర్రని ద్రవ్యము గల పెంకు నీలముగా ఎందుకున్నది? పెంకులో అది ఒక మాంసకృత్తుతో పెనవేసుకొని ఉండడమే కారణము. ఆ నీలి సమ్మేళనమును 1948లో జార్జ్ వాల్డ్, ఆయన సహచరులు వర్ణించి, క్రస్టాసయనిన్ అన్నారు. అది సుమారు 630 నానోమీటర్ల ఎర్రని కాంతిని పీల్చుకొనుటచే నీలముగా కనబడుతుంది. వేడికి మాంసకృత్తు నిర్మాణము చెడిపోగా, విడివడిన ఆస్టాక్సాంతిన్ తన సహజమైన ఎరుపును చూపుతుంది. చల్లార్చినా నీలము తిరిగి రాదు.

2002లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ఎక్స్ కిరణముల సాయముతో ఈ సమ్మేళనములోని ఒక ముఖ్యభాగపు నిర్మాణమును వెల్లడించారు. అయినను, మాంసకృత్తు ఇంతటి వర్ణభేదమును ఎట్లు కలిగించునో అను చర్చ ముగియలేదు. మన వంటింట రొయ్యలు ఉడికి ఎర్రబడడమునకు కారణము కూడ ఇదే.