వెల్లింగ్టన్ దుర్ఘటన: దైవఘటనా, మానవ లోపమా?



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. రైల్వేలో పనిచేసి రిటైరైన నాకు పాత రైలు ప్రమాదాల చరిత్ర చదవడం అలవాటు. అందులో నన్ను ఎక్కువగా కదిలించినది అమెరికాలోని వెల్లింగ్టన్ స్టేషన్‌లో జరిగిన దుర్ఘటన. ఆ దేశ చరిత్రలో మంచు చరియ కూలి ఇంతమంది మరణించిన సంఘటన మరొకటి లేదు. మృతులు 96 మంది. వారిలో ప్రయాణికులు 35 మంది కాగా, మిగిలిన 61 మంది ఉద్యోగులే.

1910 ఫిబ్రవరి చివరి వారం. గ్రేట్ నార్తర్న్ రైల్వేకు చెందిన ఒక పాసింజరు, ఒక మెయిలు స్పొకేన్ నుండి సియాటిల్‌కు బయలుదేరాయి. దారిలో కాస్కేడ్ పర్వతాలు దాటాలి. మంచు తుపాను మొదలవడంతో రెండు బండ్లూ సొరంగానికి తూర్పున కొంతకాలం ఆగి, తర్వాత సొరంగం దాటి పడమటి వైపునున్న వెల్లింగ్టన్ చేరాయి. ముందు లైను మూసుకుపోయింది. మంచు తొలగించే రోటరీ యంత్రాలు ఒక్కొక్కటిగా చిక్కుబడ్డాయి. బొగ్గు అడుగంటింది, టెలిగ్రాఫ్ తీగలు తెగాయి. పారలతో మంచు తీసే కూలీలు కూలి పెంచమన్నారు. పై అధికారి ఒప్పుకోలేదు. చాలామంది పని మాని కొండ దిగిపోయారు.

ఆపద ముందే హెచ్చరించింది. సొరంగానికి తూర్పున ప్రయాణికులు భోజనం చేసిన వంటశాల మీద, బండ్లు వెళ్ళిన కొద్ది గంటలకే చరియ పడి వంటవాడు, అతని సహాయకుడు మరణించారు. ఈ వార్త విని ప్రయాణికులు బండిని వెనక్కి సొరంగంలోకి తీసుకుపొమ్మని వేడుకున్నారు. అక్కడ పొగ, చలి ఎక్కువని, బొగ్గు కూడా చాలదని అధికారులు అన్నారు. పైగా బండ్లు నిలిచిన చోట అంతకుముందు చరియ పడిన దాఖలా లేదు. కొందరు ప్రయాణికులు ధైర్యం చేసి మంచులో నడుస్తూ, నిట్రమైన వాలు మీద జారుతూ దిగువనున్న సీనిక్ స్టేషన్‌కు చేరి బ్రతికిపోయారు. అయితే చరియల కింద ఆ నడక కూడా ప్రాణాలతో చెలగాటమే.

ఫిబ్రవరి 28 రాత్రి మంచు ఆగి వాన మొదలైంది, ఉరుములు ఉరిమాయి. మార్చి 1వ తేదీ అర్ధరాత్రి దాటాక కొండ వాలు మీది మంచు ఒక్క పెట్టున కదిలింది. రెండు బండ్లనూ సుమారు 150 అడుగుల లోతు లోయలోకి నెట్టేసింది. 23 మంది మాత్రం ప్రాణాలతో బయటపడ్డారు.

మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. కింది పొర బలహీనంగా ఉంటే పై పొర దానికి గట్టిగా పట్టుకోదు. దాని మీద వాన పడితే బరువు పెరుగుతుంది, పట్టు సడలుతుంది. వాలు మీద చెట్లుంటే మేకుల వలె మంచును ఆపుతాయి. కాని ఆ వాలు మీది అడవి అంతకుముందే కార్చిచ్చులో కాలిపోయి, మోడులే మిగిలాయి.

మృతుల కుటుంబాల తరఫున దావా నడిచింది. క్రింది కోర్టు జ్యూరీ రైల్వేకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చినా, 1914లో రాష్ట్ర సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. దైవఘటనకు కంపెనీ బాధ్యురాలు కాదన్నది.

నా అభిప్రాయం వేరు. తుపాను దైవాధీనమే. కాలిన అడవి, చాలని బొగ్గు, కూలి దగ్గర పట్టుదల దైవం చేసినవి కావు. అలాగని నిద్రాహారాలు మాని యంత్రాల వెంట తిరిగిన సూపరింటెండెంటు ఒక్కడినే తప్పుపట్టడానికి కూడా నాకు మనసు ఒప్పదు. బండి నడిపించే ఒత్తిడి ఎలాంటిదో మన వాళ్ళకు చెప్పనక్కరలేదు.

మూడు రోజుల తర్వాత, మార్చి 4న, కెనడాలోని రోజర్స్ కనుమ వద్ద లైను మీద పడిన ఒక చరియను తొలగిస్తున్న కార్మికులపై ఎదుటి కొండ నుండి మరొకటి పడి 58 మంది బలయ్యారు. వెల్లింగ్టన్‌లో రైల్వే వారు కాంక్రీటు కప్పులు కట్టారు. స్టేషన్ పేరు టై అని మార్చారు. చివరకు 1929 జనవరిలో దాదాపు 8 మైళ్ళ కొత్త సొరంగం తెరిచి, ఆ పాత దారినే వదిలేశారు. ఇప్పుడది నడకదారి.

మన దేశంలో ఈ విషయమై పరిశోధనకు 1969లో మనాలిలో ఒక సంస్థ ఏర్పడింది. 2020లో దానిని రక్షణ పరిశోధన సంస్థకు చెందిన మరో ప్రయోగశాలతో కలిపి చండీగఢ్ కేంద్రంగా కొత్త సంస్థగా మార్చారు. హిమాలయ ప్రాంతాలకు చరియల హెచ్చరికలు అక్కడినుండి వెలువడతాయి. మన పిల్లలు, మనుమలు శీతాకాలంలో మనాలి, గుల్మార్గ్ వెళుతున్నారు. ఎక్కువ మంచు పడిన వెంటనే, లేదా మంచు మీద వాన పడినపుడు ఏటవాలు కొండల కిందికి పోవద్దని, హెచ్చరిక వస్తే టిక్కెట్టు డబ్బు పోయినా బసలోనే ఆగమని వారికి చెప్పండి. ఆ మాట చెప్పవలసినది పెద్దవాళ్ళమైన మనమే.