ఆదివారం, బెజవాడ, మ్యాట్నీ

కొత్త సినిమా శుక్రవారం పొద్దున బెజవాడలో ఎప్పుడు పడుతుందో మా ఉయ్యూరులోనూ అప్పుడే పడుతోంది. బొమ్మలో తేడా లేదు, కథలో తేడా లేదు. టికెట్టు ఇక్కడే చౌక. అయినా ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే బళ్ళన్నీ బందరు రోడ్డెక్కి కంకిపాడు, పోరంకి దాటి బెంజి సర్కిల్ వైపే పోతాయి. ఎందుకురా అంటే సినిమాకి అంటారు. 30 కిలోమీటర్ల ఈ ప్రయాణం ఎలా మొదలైందో వెనక్కి వెళ్ళి చూస్తే, ఆ జవాబు సగమే నిజమనిపిస్తుంది.

ఒకప్పుడు వినోదమే ఊరికి వచ్చేది, మనిషి కదిలేవాడు కాదు. ఉయ్యూరుకు అవతల, మొవ్వ దగ్గర కూచిపూడి ఉంది. అక్కడి మేళాలు ఊరూరా తిరిగి పందిట్లో భామాకలాపం ఆడితే, జనం చాపలు తెచ్చుకుని తెల్లవార్లూ చూసేవారు. తోలుబొమ్మలవాళ్ళూ, సురభి నాటకాలవాళ్ళూ సామాను బళ్ళ మీద వేసుకుని వచ్చేవారు. ఉయ్యూరుకు సొంత సంబరం మాఘమాసంలో వీరమ్మ తల్లి తిరునాళ్ళు. బూరలు, గాజులు, రంగులరాట్నం అన్నీ అమ్మవారి చుట్టూనే. వ్యవసాయపు లెక్కలో ఆదివారానికి ప్రత్యేకత ఏమీ లేదు. నాట్లు పడే రోజుల్లో అది కూడా పని రోజే, కోతలయ్యాక ఏ వారమైనా తీరికే.

సినిమా కూడా మొదట్లో ఇలాగే ఊళ్ళు తిరిగింది. బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూ, 1910 ప్రాంతంలో క్రోనో మెగాఫోను అనే యంత్రం తెప్పించాడు. బొమ్మ ఒకచోట, శబ్దం ఒకచోట ఆడించే ఆ యంత్రంతో ఊళ్ళు తిరిగాడు, సముద్రం దాటి సింహళం, బర్మా కూడా వెళ్ళాడు. డేరా వేసి, నాలుగు రోజులు ఆడించి, డేరా పీకి మరో ఊరు పోవడం. ఆ తరవాతి టూరింగు టాకీసుల పద్ధతీ ఇదే. వాటికిచ్చే లైసెన్సే తాత్కాలికం, ఒకచోట పాతుకుపోవడానికి వీల్లేదు.

పాతుకుపోయిన హాలు బెజవాడలో 1921లో వచ్చింది, మారుతీ టాకీసు. పోతిన శ్రీనివాసరావు కట్టించారు. ఆంధ్ర ప్రాంతంలో మొట్టమొదటి సినిమా హాలుగా దాన్నే చెబుతారు. ఆ ఏడాదే మార్చి 31న బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరిగి, గాంధీ రాకతో జిల్లా అంతా పట్నంలో కిక్కిరిసింది. రైలు జంక్షను, కాలువల మొదలు, కాంగ్రెసు సభ, ఇప్పుడు సినిమా హాలు. బెజవాడకు వెళ్ళాలంటే కారణం వెతుక్కోనక్కరలేని రోజులొచ్చాయి. 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తరవాత బొమ్మలు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాయి. మూకీ చూడటానికి మొహమాటపడ్డవాళ్ళు కూడా పద్యాలు వినడానికి వచ్చారు.

మన డెల్టా సినిమా చూడటంతో ఆగలేదు, సినిమా తీయడానికి డబ్బూ పెట్టింది. మనకు దగ్గరలోని చల్లపల్లి జమీందారు సారథి ఫిలిమ్స్ వెనక నిలబడితే, గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీశారు. జమీందార్ల దౌర్జన్యం మీద తీసిన ‘రైతుబిడ్డ’కు పెట్టుబడి జమీందారుదే కావడం ఎప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. అందులోనే కూచిపూడి కళాకారుడు వేదాంతం రాఘవయ్య దశావతార శబ్దం చేశారు. పందిట్లో తెల్లవార్లూ ఆడిన విద్య హాల్లో కాసేపటి ముక్కగా మారింది. ఆ రాఘవయ్యే 1953లో ‘దేవదాసు’కు దర్శకుడు.

సినిమాలు తయారయ్యేది మద్రాసులోనైనా, పంచిపెట్టేది బెజవాడ. పూర్ణా, నవయుగ లాంటి పంపిణీ సంస్థల ఆఫీసులతో గాంధీనగర్ నిండిపోయింది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అంటూ తెలుగు నేలనంతా ముక్కలు చేసి హక్కులు అమ్మారు. ట్రేడువాళ్ళకు జిల్లా అంటే ఈనాటికీ ఇదే. జిల్లా హద్దులు మారిన తరవాత కూడా ‘కృష్ణా షేరెంత’ అనే అడుగుతారు.

ఇక మన ఆదివారం ప్రయాణానికి అసలు కారణం ప్రింటు. ఒక్కో ప్రింటు పదిహేను పైచిలుకు రీళ్ళు, తీయించడానికి బోలెడు ఖర్చు. అందుకని కొద్ది కాపీలే వేసేవారు. 1963 మార్చి 29న తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రం ‘లవకుశ’ అంత ఆర్భాటంగా విడుదలైనా, పడింది 26 కేంద్రాల్లోనే. బెజవాడ లాంటి ఎ సెంటర్లో నూరు రోజులు ఆడి అరిగిన ప్రింటు బి సెంటరుకు దిగేది. అక్కడ గీతలు పడి, అతుకులు పడి, సి సెంటరుకు చేరేసరికి ఒక పాట మధ్యలోంచి మొదలయ్యేది. ఉయ్యూరు ఆ మెట్లలో కింద ఉండేది. నెలల తరబడి ఆగలేనివాడు పట్నం పోవాల్సిందే. ‘లవకుశ’కైతే పల్లెల నుంచి ఎడ్లబళ్ళు కట్టుకుని, అన్నం మూటలతో వెళ్ళారు. మొదటివారంలో బెజవాడలో సినిమా చూసొచ్చినవాడు పొలం గట్టు మీద కథ చెబుతుంటే చుట్టూ చేరి వినేవారు. చెప్పేవాడు ఆ వారమంతా ఊళ్ళో పెద్దమనిషి.

ఆదివారం మనకు ఫ్యాక్టరీతో వచ్చిందంటాను నేను. 1941లో కె.సి.పి. కంపెనీ చేతికొచ్చిన చక్కెర మిల్లుతో ఉయ్యూరులో సైరను కూతా, షిఫ్టూ, నెల జీతమూ మొదలయ్యాయి. స్కూళ్ళూ ఆఫీసులూ తోడై, సెలవంటే ఫలానా రోజని మిగతా జనానికీ అలవాటైంది. చెరకు డబ్బు చేతిలో పడే కాలానికి సంక్రాంతి సినిమాలు తయారు. 1958లో ఆర్టీసీ ఏర్పడింది, తరవాత్తరవాత బందరు రోడ్డు మీద ఎర్రబస్సులు పెరిగాయి. అందుకే మన ఊళ్ళవాళ్ళ ఆట మ్యాట్నీ. ఫస్ట్ షో చూస్తే బస్సు గురించి బెంగ, సెకండ్ షో బెజవాడలో చుట్టాలున్నవాడికే సొంతం.

మ్యాట్నీ మూడు గంటలు. మిగతా పూట సంగతేమిటి? ఇక్కడే సినిమా సాకుగా మారింది. పొద్దున్నే దిగితే ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనం, గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యాక గేట్ల మీదుగా దూకే నీళ్ళు చూడటం ఒక వేడుక. 1968లో గాంధీ కొండ మీద స్తూపం వెలిసింది, పిల్లలకేమో అక్కడి బుల్లి రైలు. సాయంత్రం బీసెంటు రోడ్డులో చీరలు, స్టీలు గిన్నెలు. అలంకార్, అప్సర, ఊర్వశి బోర్డులు చూసి తెలుగు సినిమా ఎంచుకునేవారు, కాలేజీ కుర్రాళ్ళు ఇంగ్లీషు బొమ్మకు లీలామహల్, నవరంగ్ వెతుక్కునేవారు. స్వరాజ్య మైదానంలో ఎగ్జిబిషనో సర్కసో ఉండేది. 1989 నుంచి కొత్త సంవత్సరం రాగానే పుస్తకాల పండగ కూడా వచ్చింది. ఆ మైదానంలో ఇప్పుడు 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం నిలబడి ఉంది.

1987లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక వీధులు ఖాళీ అయ్యాయి. వీడియో క్యాసెట్లు, కేబుల్ వచ్చాయి. హాళ్ళు దెబ్బతిన్నాయి కానీ ప్రయాణం ఆగలేదు. 2005 తరవాత డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చి ప్రింటునే మింగేసింది. రీళ్ళ డబ్బాలు మోపెడ్ మీద పెట్టుకుని, ఒకే ప్రింటుతో రెండు హాళ్ళు నడిపిన కుర్రాడికి పని పోయింది. ఎ సెంటరుకూ సి సెంటరుకూ మధ్య వారాల దూరం చెరిగిపోయింది. చెరగని తేడా ఏదైనా ఉంటే, అది 2021 ఏప్రిల్లో ప్రభుత్వం ఇచ్చిన 35వ నంబరు జీవోలో అచ్చయింది: పంచాయతీ హాల్లో చివరి తరగతి 5 రూపాయలు, కార్పొరేషన్‌లో మల్టీప్లెక్సు పై తరగతి 250. హాళ్ళవాళ్ళు గొల్లుమన్నారు, కొన్ని మూతపడ్డాయి, 2022 మార్చిలో కొత్త జీవోతో కనీస ధర 20 అయింది. రేట్లు మారినా ఊరి స్థాయిని బట్టి ధర కట్టే వరస మారలేదు.

బెజవాడకు వెళ్ళడానికి ప్రింటు ఇక కారణం కాదని తేలాక కూడా జనం వెళ్తూనే ఉన్నారు. కాకపోతే దిగే చోటు మారింది. గాంధీనగర్ దాకా పోకుండా బందరు రోడ్డు మీదే పీవీపీ, ఎల్ఈపీఎల్ మాళ్ళ దగ్గర ఆగిపోతున్నారు. తాతగారు కొండెక్కి, బ్యారేజీ చూసి, బీసెంటు రోడ్డు తిరిగి చేసిన ఊరేగింపంతా ఇప్పుడు ఏసీలో ఒకే కప్పు కింద ఎస్కలేటరు మీద జరుగుతోంది. పిల్లలకు ఆటల అంతస్తు, ఆడవాళ్ళకు బట్టలు, అందరికీ ఫుడ్ కోర్టు. సినిమా పై అంతస్తులో ఉంటుంది. టికెట్లు దొరక్కపోతే ఇంటికి తిరిగొచ్చేసినవాళ్ళను మా వీధిలో ఇంతవరకూ చూడలేదు.