కీచకుడు చచ్చాడు సరే, సభ సంగతేంటి?

మొన్న ఆదివారం మన్నెగూడలో మా ఇంట్లో అందరం కూర్చుని బాహుబలి రెండో భాగం (2017) చూశాం. ఎన్నోసారో లెక్కలేదు. ఆ సెట్లు వేసిన రామోజీ ఫిల్మ్ సిటీ మాకు ఔటర్ ఎక్కితే అరగంట, అందుకని మాహిష్మతి అంటే పక్కూరే అన్న ఫీలింగ్ ఒకటి.

సేతుపతి సీన్ వచ్చింది. గుడి దగ్గర ఆడవాళ్ళ మీద చేతులేస్తుంటే దేవసేన వాడి వేళ్ళు నరికేస్తుంది. నిండు సభలో విచారణ. బాహుబలి వచ్చి, నరకాల్సింది వేళ్ళు కాదని తేల్చేసి వాడి తల తీసేస్తాడు. తమ్ముడు ఈల వేశాడు. అబద్ధమెందుకు, నేనూ వేశా. మా నాయనమ్మ మాత్రం, "ఏళ్ళు కోసింది ఆ పిల్లనే గద, మళ్ళ సీటీలు ఈయనకెందుకురా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. సోమవారం పొద్దున స్టాండప్ మీటింగులో కూడా అదే తిరుగుతోంది బుర్రలో.

సరే, అసలు విషయానికొస్తాను. మన రివెంజ్ సినిమాలన్నిటికీ తాత లాంటి కథ ఒకటుంది, కీచకవధ. తిక్కన భారతం మొదలుపెట్టిందే ఈ విరాటపర్వంతో. దక్షిణాదిలో మొదటి మూకీ కథాచిత్రంగా చెప్పుకునేది కూడా ఇదే. 1910ల చివర్లో మద్రాసులో నటరాజ ముదలియార్ అనే కార్ల వ్యాపారి తీసిన 'కీచకవధం'. ప్రింటు ఇప్పుడు లేదు. అంతకంటే ముందే, 1907లో, మరాఠీలో ఖాడిల్కర్ ఇదే కథని నాటకంగా వేశాడు. జనం కీచకుడిలో లార్డ్ కర్జన్‌ని, ద్రౌపదిలో భారతదేశాన్ని చూసుకున్నారు. తెల్లవాళ్ళకి అర్థం కాకుండా ఉంటుందా? 1910లో నిషేధించారు.

మన తెలుగువాళ్ళకి కీచకుడంటే ఎస్వీ రంగారావు. 1963లో వచ్చిన 'నర్తనశాల', దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. ఎన్టీఆర్ బృహన్నల, సావిత్రి ద్రౌపది, వెయిట్ లిఫ్టర్ దండమూడి రాజగోపాల్ భీముడు. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి అవార్డు రంగారావుకి వచ్చింది. గమనించారా, అవార్డు హీరోకి కాదు, చచ్చినవాడికి!

ఆ సినిమా తర్వాత కూడా అజ్ఞాతవాసం మనల్ని వదల్లేదు. వేషం మార్చుకుంది, అంతే. 1999లో 'సమరసింహారెడ్డి': హీరో హోటల్లో పనివాడు. 2001లో 'నరసింహనాయుడు': హీరో డాన్సు మాస్టారు. 2002లో 'ఇంద్ర': కాశీలో టాక్సీ డ్రైవరు. మూడింటికీ దర్శకుడు బి. గోపాల్, మాటలు పరుచూరి బ్రదర్స్. వంటశాలలో వలలుడు, నాట్యం నేర్పే బృహన్నల గుర్తు రావట్లేదూ? తండ్రి 1963లో బృహన్నల వేస్తే కొడుకు బాలకృష్ణ 2001లో డాన్సు మాస్టారు వేశాడు. 1995 నాటి రజనీకాంత్ 'బాషా' ప్రభావం వీటి మీద లేదనను. కానీ ఆ ఆటోడ్రైవరు కూడా చేస్తున్నది అజ్ఞాతవాసమే కదా. కొలువులో అణిగిమణిగి ఉండటం, ఒకడు హద్దు మీరటం, అసలు మనిషి బయటపడటం. టెంప్లేట్ అదే, వేరియబుల్స్ మార్చి మళ్ళీ కంపైల్ చేయడమే.

ఐతే కాపీ కొట్టేటప్పుడు ఒక ముఖ్యమైన భాగం ఎగిరిపోయింది. నాయనమ్మ పట్టుకున్న బగ్ అదే.

భారతంలో ద్రౌపది ముందు భీముడి దగ్గరికి వెళ్ళదు. కీచకుడు తరుముతుంటే విరాటుడి సభలోకి పరిగెడుతుంది. అందరి ఎదుట వాడు ఆమెని కాలితో తంతాడు. రాజు ఏమీ చేయడు. బావమరిది, పైగా సేనాపతి! భీముడి చూపు బయట ఉన్న చెట్టు మీదికి పోతుంది. కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు అది కనిపెట్టి, వంటకట్టెలకి ఈ చెట్టే దొరికిందా అన్నట్టు ఆపుతాడు. పైగా ఆమెతో, ఇక్కడ నిలబడి ఈ ఆటకత్తె వేషాలేంటి, లోపలికి పో అంటాడు. ఆమె వదల్లేదు. నా మొగుడే నటుడు, నాకు నటన రాదా, నటుడే కాదు జూదరి కూడా, జూదరి పెళ్ళానికి పరువెక్కడిది అనేసి వెళ్ళిపోతుంది. తిక్కన ఈ ఘట్టం రాసిన తీరు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ రాత్రి వంటశాలకి వెళ్ళి భీముడిని నిద్ర లేపిందీ ఆమే. నర్తనశాలకి రమ్మని కీచకుడికి ఎర వేసిందీ ఆమే. వాడు చచ్చాక కాపలావాళ్ళని పిలిచి శవాన్ని చూపించిందీ ఆమే. ఇవాళ్టి భాషలో ఆమె ఆర్కిటెక్ట్, భీముడు ఎగ్జిక్యూషన్.

కథ అక్కడితో ఐపోలేదు కూడా. ఉపకీచకులు నూట ఐదుగురు ఆమెని కీచకుడి శవంతో పాటు తగలబెట్టడానికి లాక్కుపోతారు. భీముడు వాళ్ళనీ చంపుతాడు. తర్వాత ఊరు ఊరంతా ఎవరికి భయపడింది? ఆమెకే! ఊరొదిలి పొమ్మని రాణి సుదేష్ణతో చెప్పిస్తారు. పదమూడు రోజులు గడువు అడుగుతుంది. న్యాయం అడిగితే దొరకలేదు, పగ తీరాక ఉండనివ్వలేదు.

మన సినిమాలు భీముడిని ఉంచుకుని ఆ సభని తీసేశాయి. బాహుబలిలో సభ ఉంది, కానీ అది హీరో కత్తికి స్టేజీ మాత్రమే.

ఇది సినిమాల గొడవే ఐతే ఇంత రాసేవాణ్ణి కాదు. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేట్ దగ్గర జరిగింది మా రంగారెడ్డి జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. ఆ రాత్రి ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు తీసుకోవడంలో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. అంటే ముందు సభే చేతులెత్తేసింది. డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. 2022లో బయటికొచ్చిన సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక, పోలీసులు కావాలనే చంపే ఉద్దేశంతో కాల్చారని తేల్చింది. కీచకుడి తప్పుకి సభంతా సాక్షి. ఇక్కడ విచారణే మొదలవలేదు. ఆ ఈలల్లో, ఫిర్యాదు ఆలస్యం సంగతి మళ్ళీ అడిగినవాళ్ళు మా గ్రూపులో ఒక్కరూ లేరు. నేనూ అడగలేదు.

ఈ సినిమాలు చూడ్డం మానేస్తానా అంటే మానను. రేపు ఇంకో అజ్ఞాతవాసం రిలీజైతే మొదటి ఆటకే వెళ్తా. కానీ ఆడమనిషి సభలో నిలబడి అడిగితే, ఆ సభే సరిగ్గా జవాబు చెప్పి, భీముడు వంటశాలలో హాయిగా నిద్రపోయే సినిమా ఒక్కటైనా మన తెలుగులో ఉందా? మీకు తెలిస్తే చెప్పండి. నాయనమ్మకి చూపించాలి.